బాగుపడినవాళ్ళ జాబితా

జూన్ 9

వదినా,

చేరాను. హాస్టల్లో మూడో అంతస్తు. నాకంటే పదేళ్ళు చిన్నదైన అమ్మాయితో కలిసి ఒకే గది. బీరువా తలుపు పడదు, కుర్చీ అడ్డం పెట్టుకున్నాం. ఫోన్ మోగితే అన్నయ్య ఉలిక్కిపడతాడు. పైగా నువ్వెంత మెల్లగా మాట్లాడినా ఆ రెండు గదుల్లో తనకు వినపడుతుంది. అందుకని మనం అనుకున్నట్టే ఉత్తరాలు రాస్తాను, కింద నీ కుట్టు కొట్టు చిరునామాకే.

ఆచార్యుల్ని మొదటి రోజే చూశాను. తెల్లచొక్కా, మెత్తటి గొంతు. కారిడార్లో నా చేతిలోంచి ఫైలు జారిపడితే వంగి తీసిచ్చారు. "నెమ్మదమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రాక్షసుడిలా ఉంటాడనుకున్నాను వదినా. ఇలా ఫైళ్ళు తీసిచ్చే మనిషిని ద్వేషించాలంటే రోజూ కొంచెం కష్టపడాలి.

మర్చిపోకుండా ఉండడానికి నోటు పుస్తకం మొదటి పేజీలో ఇలా రాసుకున్నాను: "వానపడే పొద్దున అన్నయ్య బస్సు ముందు చక్రం కింద ఒకావిడ జారిపడి చనిపోయింది. తప్పు తనది కాదని విచారణలో తేలింది. మూడో రోజు డిపోవాళ్ళు తనను శిక్షణ హాలుకు పిలిచారు. అలాంటి ప్రమాదాలు చేసిన మరో ఎనిమిది మంది డ్రైవర్లతో గుండ్రంగా కూర్చోబెట్టారు. ఏం కనిపించింది, ఏం వినిపించింది, ఏ వాసన వచ్చింది, ఒక్కొక్కరూ మొదటి నుంచి చివరిదాకా చెప్పాలన్నారు. మూడు గంటలు. అన్నయ్య తొమ్మిదోవాడు. తన ఒక్క చావుతో వెళ్ళి తొమ్మిది చావులతో ఇంటికొచ్చాడు."

ఆ కూర్చోబెట్టినాయన ఈయనే. దానికి 'ఒక్క పూట పద్ధతి' అని పేరు పెట్టి పరిశోధన పత్రం అచ్చేశారు. పదిమందిలో తొమ్మిదిమంది నెల తిరక్కుండా మళ్ళీ స్టీరింగు పట్టారట.

ఆసుపత్రిలో పన్నెండేళ్ళు కేసు కాగితాలు సర్దిన ఉద్యోగం వదిలేసి ఇక్కడికొచ్చింది కౌన్సెలరు కావడానికి కాదని మనిద్దరికీ తెలుసు. ఆయన భాష నేర్చుకుని, ఆ భాషలోనే, ఆయన వాళ్ళ ముందే నిలదీస్తాను. అన్నయ్యకు మాత్రం కౌన్సెలింగ్ డిప్లొమా అని చెప్పు, చాలు.

నీ
పిచ్చుక


జూన్ 21

పిచ్చుకా,

నీ ఉత్తరం కుట్టు మిషను సొరుగులో, దారం కండెల డబ్బా కింద దాచాను. ఆ సొరుగు నేను తప్ప ఎవరూ తెరవరు.

మీ అన్నయ్య అలాగే ఉన్నాడు. మేడ మీద గోడవైపు తిరిగి కూర్చుంటాడు. వీధిలో ఏ బండి బ్రేకు కీచుమన్నా కుడికాలు నేలను తొక్కుతుంది. తొక్కుతున్నట్టు తనకు తెలియదు. కింద కొట్టులో కాజాలు కుట్టుకుంటూ ఉంటే నా నెత్తిమీద ఆ చప్పుడు. ఇవ్వాళ లెక్కపెట్టాను. మధ్యాహ్నంలోపు ముప్పై ఒకటి.

డిపో నుంచి మళ్ళీ కాగితం వచ్చింది. ఆఫీసులోనో స్టోర్సులోనో ఏదైనా పని ఇమ్మని పెట్టుకున్న అర్జీ తిరగ్గొట్టారు. "పద్ధతి ప్రకారం కౌన్సెలింగ్ ఇవ్వబడినది. పరిశోధన ప్రకారం తొంభై శాతం మంది కోలుకొనుచున్నారు. ఈ ఉద్యోగి సహకరించుట లేదు." మేనేజరు సంతకం. చూశావా, బాగుపడకపోవడం కూడా మీ అన్నయ్య నేరమే. ఆ మేనేజరు చొక్కాలు కుట్టేది నేనే. సూది ఒకటి కాలరులో వదిలేద్దామా అనిపించింది. వదల్లేదు, మంచి సూదులు దొరకడం లేదు.

ఇంకో మాట. ఫైలు తీసిచ్చాడు, మెత్తటి గొంతు అని రాశావు. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నువ్వు ముందునుంచీ కరిగిపోతావు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నన్ను కూడా అలాగే నమ్మేశావు. జాగ్రత్త. నాకు ఆ మనిషి పదిమందిలో తల దించుకోవాలి. అంతకు తక్కువైతే ఉత్తరం రాయక్కర్లేదు.

వదిన


జూలై 10

వదినా,

కరగలేదు. కానీ చావుదెబ్బ తిన్నాను.

పరిశోధన పత్రాలు చదవడం నేర్పే మేడం ఒకావిడ ఉన్నారు. అందరూ ఎర్రపెన్ను మేడం అంటారు. ఒక్కొక్కరూ కౌన్సెలింగ్ మీద ఒక పత్రం ఎంచుకోవాలి, దాన్ని నమ్మొచ్చో లేదో పరీక్షించాలి, నవంబరులో అధ్యాపకులందరి ముందు వినిపించాలి. నేను ఏది ఎంచుకున్నానో చెప్పక్కర్లేదుగా. తొమ్మిది పేజీలు రాసుకెళ్ళాను. క్రూరత్వం, మోసం, అమానుషం, ఒక్క మాట మిగల్చలేదు. మేడం చివర ఎర్రగా ఒకే వాక్యం రాసిచ్చారు: "ఇందులో తిట్లు ముప్పై, ప్రశ్న ఒక్కటీ లేదు."

గదికి వెళ్ళి అడిగాను. "సార్ తప్పు చేశారని మీకు ఎలా తెలుసు?" అన్నారు.

"నాకు తెలిసిన ఒకాయన ఆ పూట తర్వాత పాడైపోయాడండీ."

"ఆ పూట లేకపోతే పాడయ్యేవాడు కాదా?"

ఆవిడ కాగితం మీద అయిదు ప్రశ్నలు రాసిచ్చారు. ఎవరిని అడిగారు? ఎవరిని వదిలేశారు? అడిగిందెవరు? ఎప్పుడు? దేనితో పోల్చారు? "ఏ పత్రం చదివినా ముందు ఇవి అడగండి, ఆ తర్వాత తిట్టుకోండి," అన్నారు.

ఒకరి సంగతి ఆధారం కాదట వదినా. ఒకరు పాడైనా, ఒకరు బాగుపడినా, దాన్నిబట్టి పద్ధతి గురించి ఏమీ చెప్పలేమట. అన్నయ్య కథ నా వ్యాసంలోంచి తీసెయ్యమన్నారు. తీసేశాను.

నీ
పిచ్చుక


జూలై 18

నీకు,

మీ అన్నయ్య ఆధారం కాకపోతే మరేమిటి, అలంకారమా?

ఆరు వారాలైనా కాలేదు నువ్వెళ్ళి, అప్పుడే తీసేశావు. డిపోవాళ్ళు తీసిపారేశారు, నువ్వూ తీసెయ్యి. నాకు కుట్టాల్సిన ప్యాంట్లు ఇరవై ఉన్నాయి.


జూలై 26

వదినా,

సంతకం కూడా పెట్టలేదు నువ్వు. ఆ కాగితం నాలుగుసార్లు చదివాను. నేను రాసింది తప్పుగా రాశాను. అన్నయ్యను తీసెయ్యడం అంటే వదిలెయ్యడం కాదు. తనలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో వెతకడం.

వెతికాను. కోపం పక్కన పెట్టి, అయిదు ప్రశ్నలు ముందు పెట్టుకుని, పత్రం మళ్ళీ చదివాను. ఈసారి కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడ్డాను.

మొదటి పేజీలో విడతలు విడతలుగా ఆ పూటకు వచ్చినవాళ్ళు మొత్తం అరవై నలుగురు అని ఉంది. చివరి పట్టికలో యాభై మందే ఉన్నారు. ఆ యాభైలో నలభై అయిదుగురు స్టీరింగు పట్టారు కాబట్టి తొంభై శాతం. మిగతా పద్నాలుగు మంది ఏమయ్యారు? పట్టిక కింద చీమల్లాంటి అక్షరాల్లో ఉంది: "ఉద్యోగము మానివేసినవారిని పరిగణించలేదు."

అర్థమైందా? బండి నడపలేక ఉద్యోగమే వదిలేసిన వాళ్ళను లెక్కలోంచి తీసేసి, మిగిలినవాళ్ళంతా బండి నడుపుతున్నారని రాశారు! ఇంకోటి. ముప్పయ్యో రోజున ఒకే ఒక్కసారి అడిగారు. అడిగింది ఎవరో కాదు, డిపో మేనేజరు. ఎలా ఉన్నావని మేనేజరు అడిగితే ఏ డ్రైవరు బాగాలేనంటాడు?

వదినా, ఆ పద్నాలుగు మంది ఎక్కడున్నారో నేను ఇక్కడినుంచి కనుక్కోలేను. డిపో అంతటికీ యూనిఫారాలు కుట్టేది నువ్వు. నీ కొలతల పుస్తకంలో లేని డ్రైవరు లేడు. తిట్టుకుంటూ అయినా సరే, జవాబు రాయి.

నీ
పిచ్చుక


ఆగస్టు 11

పిచ్చుకా,

తిట్టుకుంటూనే రాస్తున్నాను.

పుస్తకం తీశాను. డ్రైవర్లు కొలతలకు వచ్చినప్పుడు టేపు నడుముకు చుట్టి పట్టుకుని మెల్లగా అడిగాను. టేపులో ఉన్న మనిషి ఎక్కడికీ పోలేడు కదా. ఏడుగురు దొరికారు. ఏడుగురూ ఆ పూటను తిట్టారు. ఒకాయనకు పక్క డ్రైవరు చెప్పిన పాప చెప్పు ఇప్పటికీ కళ్ళల్లో ఆడుతోందట. తను చూడని చెప్పు! ఇంకొకాయన ఉద్యోగం మానేసి బావమరిది కొట్టులో తలుపులకు రంగులేస్తున్నాడు. తలుపైతే ఎవరిమీదికీ పోదుగా అమ్మా అన్నాడు.

ఏడుకు ఏడు. ఇది చాలు కదా? వెళ్ళి ఆయన మొహాన కొట్టు. ఏ రోజు కొడుతున్నావో ముందే రాయి. ఆ రోజు కొట్టు మూసేసి, మంచి చీర కట్టుకుని కూర్చుంటాను.

వదిన


ఆగస్టు 19

వదినా,

చాలదు. నన్ను తిట్టేముందు ఇది చదువు, చదివాక మిషను మీద నీ కోపం తీర్చుకో.

ఆ ఏడుగురూ నీ దగ్గర ఎందుకు నోరు విప్పారు? మన ఇంటి సంగతి వాళ్ళకు తెలుసు. నువ్వు ఏం వినాలనుకుంటున్నావో నీ మొహంలోనే ఉంటుంది. మేనేజరు వాళ్ళతో బాగున్నామనిపించాడు, నువ్వు బాగాలేమనిపించావు. ఆచార్యులు ఒక్క నిమిషంలో ఎగరగొట్టేస్తారు.

అరవై నలుగుర్నీ అడగాలి. మేలు జరిగిందన్న వాళ్ళను కూడా. అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే మాటల్లో. వెనక రాసిస్తున్నాను, ఒక్క మాట అటూ ఇటూ మార్చకు. టేపు చుట్టి అడగొద్దు, వాళ్ళు కూర్చున్నాక అడుగు. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదని ముందే చెప్పు. పేర్లు వద్దు, అంకెలు చాలు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాయి, నీ నిట్టూర్పులు రాయకు.

ఇదంతా చేసినా ఆ పూట అన్నయ్యను పాడుచేసిందని మనం నిరూపించలేం. ఆ పూటకు వెళ్ళని డ్రైవర్లతో వాళ్ళు పోల్చలేదు, మన దగ్గరా ఆ లెక్క లేదు. ఆ పద్ధతి పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదు, తెలిసినట్టు అచ్చేశారు, అంతవరకే చెప్పగలం.

నీ
పిచ్చుక


ఆగస్టు 27

పిచ్చుకా,

తెలియదు అని చెప్పడానికా ఏడాది చదువు? ఆ మాట నేను కుట్టు మిషను ముందు కూర్చుని ఊరికే చెప్తాను.

ఆయన పద్ధతి మేలు చేసిందన్న వాళ్ళను వెతికి, కూర్చోబెట్టి, నేను రాసుకోవాలా? రేపు ఆయనకు శాలువా కూడా కుట్టమంటావు.

అడుగుతాను. నువ్వు అడిగావు కాబట్టి. కానీ నువ్వు ఎటువైపున్నావో నాకు అర్థం కావడం లేదు.

వదిన


అక్టోబరు 4

పిచ్చుకా,

అయిపోయింది. బస్సులెక్కి, సందులు తిరిగి, చెప్పులు అరిగేలా తిరిగి, అరవై నలుగురిలో యాభై ఏడుగుర్ని పట్టుకున్నాను. ఇద్దరు ఊళ్ళో లేరు, నలుగురు తలుపు తీయలేదు, ఒకాయన చనిపోయాడు. ఎలా పోయాడని అడగలేదు. నీ ప్రశ్నల్లో లేదు కాబట్టి. వాళ్ళావిడ తలుపు వేసేదాకా అక్కడే నిలబడ్డాను.

కాగితాలు ఇందులో పెట్టాను. కానీ ఒకటి నేను ఉత్తరంలోనే రాయాలి.

చాలామంది నాకు అర్థంకాని మాట ఒకటి అంటూ వచ్చారు. "ముప్పయ్యో రోజు ఏం జరిగింది?" అని అడిగితే "చుట్టు తిరిగాం" అని. ఏం చుట్టు? చివరికి నీ మాట ప్రకారం మేడ మీదికి వెళ్ళి, అందరికీ లాగే మీ అన్నయ్య ముందు కూడా కాగితం పట్టుకుని కూర్చున్నాను. ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదన్నాను.

"డిపో ఆవరణలో ఖాళీ బస్సు ఒక్క చుట్టు తిప్పమన్నారు," అన్నాడు. "మేనేజరు పక్కనే నిలబడ్డాడు. తిప్పాను. దిగి టైరు పక్కన వాంతి చేసుకున్నాను. సంతకం పెట్టమన్నారు. పెట్టాను."

అంతే పిచ్చుకా. స్టీరింగు పట్టడం అంటే అదే. నలభై అయిదుగురిలో నాకు దొరికింది నలభై ఒక్కరు. వాళ్ళల్లో పంతొమ్మిది మంది పట్టింది ఆ ఒక్క చుట్టే. మీ అన్నయ్య ఆ పత్రంలో పాడైనవాళ్ళలో లేడు. బాగుపడినవాళ్ళలో ఉన్నాడు. ఏడాదిన్నరగా నా నెత్తిమీద నేలను తొక్కుతున్న మనిషిని విజయం కింద రాసుకున్నారు.

ఇక నన్ను నెమ్మదిగా ఉండమనకు.

వదిన


అక్టోబరు 13

వదినా,

ఆ ఉత్తరం హాస్టల్ మెట్లమీద చదివాను. అన్నయ్య వాంతి చేసుకున్న సంగతి నీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ కాగితం మీద అన్నయ్య సంతకం ఉంది. నేను ఆయన్ని వదలను. నేను ఎటువైపున్నానో అడిగావుగా, ఇదీ జవాబు.

కానీ వదినా, ఒకటి అడగాలి, అడిగితే నువ్వు నన్ను క్షమించవు. యాభై ఏడుగురితో మాట్లాడానన్నావు. కవర్లో ఉన్న కాగితాలు నలభై ఆరు. మూడుసార్లు లెక్కపెట్టాను. నా గదిలో అమ్మాయితో కూడా పెట్టించాను.

ఆ పదకొండు మంది ఎవరు?

పోస్టులో పోయాయని రాస్తే నమ్ముతాను. నమ్మి, ఆ నలభై ఆరూ పట్టుకెళ్ళి చదివేస్తాను. నేనూ మనిషినే, నాకూ అదే సుఖం. అందుకే నిజం రాయమంటున్నాను.

నీ
పిచ్చుక


అక్టోబరు 22

పిచ్చుకా,

పోస్టులో పోలేదు. సొరుగులో ఉన్నాయి, నీ ఉత్తరాలతో పాటు.

ఆ పూట మేలు చేసిందన్న వాళ్ళవి. పదకొండు. చింపెయ్యబోయి చింపలేదు. ఎందుకు చింపలేదో తెలియదు. మంచితనం అనుకోకు, కత్తెర ఎక్కడో పెట్టి మర్చిపోయాను, ఈలోగా కోపం తగ్గింది.

వాళ్ళలో నిచ్చెన అని ఒకాయన, మనిషి పొడుగు. నాలుగు గజాల గుడ్డ పడుతుంది ప్యాంటుకు. ఆయన ఏమన్నాడంటే, "అక్కయ్యా, ప్రమాదమయ్యాక నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు అందరూ చెప్తుంటే నా ఒక్కడికే కాదన్నమాట అనిపించింది. ఆ పూట లేకపోతే నేను ఉండేవాణ్ణి కాదు." చెప్తూ ఏడ్చాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. రాసుకుంటూ ఆ మనిషి మీద నాకు ఎంత కోపం వచ్చిందో నీకు చెప్పలేను. బతికున్నందుకు ఒక మనిషిమీద కోపం వచ్చింది నాకు.

ఆచార్యులు పద్నాలుగు మందిని తీసేశాడు, నేను పదకొండు మందిని. ముగ్గురే తేడా. నువ్వు రాయలేదు గానీ నీ ఉత్తరంలో ఆ మాట ఉంది. కనబడింది.

పంపిస్తున్నాను. అన్నీ చదువు. కానీ నన్ను మంచిదాన్ని చెయ్యాలని చూడకు. నాకు ఆ తల ఇంకా దిగాలి.

వదిన


నవంబరు 16

వదినా,

నిన్న అయింది. మొత్తం రాస్తాను, నిదానంగా చదువు.

హాలులో ఎనభై మంది. ముందు వరసలో ఆచార్యులు, తెల్లచొక్కా, కాలుమీద కాలు. నేను మొదట ఆ పదకొండు మంది గురించి చెప్పాను. ఆయన మొహం వికసించింది. అలా వికసించాలనే మొదట పెట్టాను. ఆ తర్వాత అరవై నలుగురు యాభై ఎలా అయ్యారో చెప్పాను. చీమల అక్షరాల వాక్యం తెరమీద జానెడు ఎత్తున పెట్టించాను. ఆ తర్వాత ఒక్క చుట్టు సంగతి.

ఆయన లేచారు. "ఒక ప్రశ్న. ఆ డ్రైవర్లలో మీ బంధువులు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారండీ. మా అన్నయ్య."

హాలంతా గుసగుసలు. ఆయన నవ్వి అందరివైపూ తిరిగారు. "చూశారా. ఇది మూల్యాంకనం కాదు, కక్ష."

"కక్షే సార్," అన్నాను. "ఆ సంగతి మొదటి పేజీలోనే రాశాను. అందుకే మీకు మేలుచేసే పదకొండు కాగితాలూ ముందే పెట్టాను. నా కోపం లెక్కను ముట్టుకోకుండా కాపలా కాశాను. మీ ఇష్టం మీ లెక్కను ముట్టుకుందో లేదో మీరు చెప్పాలి."

"జాబితా డిపో నుంచి వచ్చింది. స్టీరింగు అంటే ఏమిటని నేను అడగలేదు."

వెనక వరసలోంచి ఎర్రపెన్ను మేడం లేవకుండానే అన్నారు. "అడగాల్సింది మీరే కదండీ."

అప్పుడు దిగింది వదినా తల. ఎనభై మంది ముందు. బూట్లవైపు చూస్తూ ఉండిపోయారు. నాకు జాలి వేస్తుందేమోనని చూసుకున్నాను. వేయలేదు. ఎండలో నడిచొచ్చి చల్లటి నీళ్ళు తాగినట్టుంది.

పత్రం అచ్చేసినవాళ్ళకు కాలేజీ ఉత్తరం రాస్తోంది. లెక్క మళ్ళీ చేసేదాకా ఎవరూ ఆ పద్ధతి వాడకూడదని డిపోకు కూడా రాశారు. కాగితాలు చూపించమని ఆచార్యులు నన్నడిగారు. అవి నావి కావు, సేకరించినావిడవి, ఆవిడకే తిప్పి పంపేస్తున్నాను, వెళ్ళి ఆవిణ్ణే అడగండి అన్నాను. చిరునామా ఇచ్చాను. వస్తే ఏం చేస్తావో నీ ఇష్టం.

నీ
పిచ్చుక


డిసెంబరు 5

పిచ్చుకా,

వచ్చాడు.

పొద్దున పదిన్నరకి. కొట్టులో అప్పటికే నలుగురు డ్రైవర్లు కొలతలకు కూర్చుని ఉన్నారు. నలుగురూ ఆ పూటవాళ్ళే. నిచ్చెన కూడా ఉన్నాడు. నేను పిలిపించలేదు. సరే, ఇద్దర్ని పిలిపించాను.

స్టూలు వేసి కూర్చోబెట్టాను. "కాగితాలు ఇస్తానండీ. ముందు మీరు చెప్పండి, మొదటి నుంచి. ఆ పద్నాలుగు పేర్లు ఎలా తీశారు? ఏ గదిలో కూర్చున్నారు? బల్లమీద ఏముంది? చేతిలో ఏ పెన్ను?"

"ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు.

"మా ఆయన్ని అడిగారుగా. ఏ వాసన వచ్చిందని కూడా అడిగారు. మేం అంత దూరం వెళ్ళంలెండి."

చెప్పాడు. ముప్పావు గంట. నీళ్ళడిగితే ఇవ్వలేదు. ఆ పేర్లు చూశాడట, అడగాలనుకున్నాడట, అడిగితే తొంభై శాతం పోతుందని తెలుసట. అందుకే అడగలేదట. నలుగురూ వింటున్నారు.

అయ్యాక అడిగాను. "చెప్పేస్తే తేలికవుతుందని మీరే రాశారు. తేలికైందా?"

"లేదు," అన్నాడు.

ఆ ఒక్క మాట కోసం నేను ఏడాదిన్నర బతికాను. అప్పుడు నిచ్చెన లేచి, నా వంక ఓ చూపు చూసి, కుండలోంచి నీళ్ళు ముంచి ఆయనకిచ్చాడు. నాకు చెంపదెబ్బ కొట్టినట్టయింది. అయినా ఆ మాట వెనక్కి తీసుకోను.

మెట్లమీద అలికిడి. మీ అన్నయ్య. కిందికి దిగి ఎన్ని నెలలైందో. ఆచార్యుల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"బాగుపడినవాళ్ళలోంచి నా పేరు తీసెయ్యండి."

అంతే అన్నాడు. ఆచార్యులు సంచిలోంచి కాగితం తీసి, నా కత్తిరింపు బల్లమీద పెట్టి రాశాడు. ఈ డ్రైవరు కోలుకోలేదు, కోలుకున్నట్టు నేను రాసింది తప్పు, ఇతనికి వేరే పని ఇవ్వాలి, సరైన వైద్యం చేయించాలి అని. సంతకం. మీ అన్నయ్య రెండుసార్లు చదివి జేబులో పెట్టుకున్నాడు. ఆయన్ని తిట్టలేదు, క్షమించలేదు. మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

వదిన


డిసెంబరు 14

వదినా,

తలుపు వేసుకుని నవ్వాను. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నా గదిలో అమ్మాయి ఎవరు పోయారని అడిగింది.

ఆయన 'లేదు' అన్న మాట లెక్కలోకి రాదని నీకూ తెలుసు. నలుగురు కోపిష్టి మగాళ్ళ మధ్య, కత్తెరలున్న కొట్టులో, నీళ్ళివ్వకుండా నువ్వు అడిగితే ఎవరైనా లేదనే అంటారు. మేడానికి చెప్తే, ఎర్రపెన్ను కూడా తియ్యకుండా నన్ను బయటికి పంపుతారు.

ఒక సంగతి చెప్పాలి. ఈ చదువు పూర్తయ్యాక కూడా మానేయను. కక్షకోసం వచ్చాను, నిజమే. కానీ నిచ్చెనకు మేలు చేసింది, అన్నయ్యను కూల్చేసింది ఒకే పూట ఎలా అయిందో నాకు తెలియాలి. ఆయనకు తెలియదు. మేడానికి తెలియదు. ఎవరో ఒకరు సరిగ్గా అడగాలి.

ఇక్కడి క్లినిక్కులో నెమ్మదస్తుడైన కౌన్సెలర్ ఒకాయన ఉన్నారు. ఒక్కణ్ణే కూర్చోబెడతారు, చెప్పమని బలవంతం చేయరు. అన్నయ్య గురించి అడిగాను. పని చేస్తుందా అంటే, "చేస్తుందని మాటివ్వలేను, చేయకపోతే వెంటనే ఆపేస్తాను," అన్నారు. ఆ మాటకే నమ్మబుద్ధేసింది. అన్నయ్యను అడుగు. అడుగు మాత్రమే.

నీ
పిచ్చుక


జనవరి 20

పిచ్చుకా,

అడిగాను. అయిదో రోజు "రైలైతే వస్తాను" అన్నాడు. బస్సు ఎక్కలేడు కదా. వచ్చే నెల మొదటి వారం తీసుకొస్తున్నాను. మీ హాస్టల్లో నన్ను పడుకోనిస్తారో లేదో కనుక్కో.

స్టోర్సులో పని ఇచ్చారు. సామాన్లు లెక్కచూసి రాసుకోవడం. నడిచి వెళ్తున్నాడు, నలభై నిమిషాలు. కుడికాలు ఇంకా తొక్కుతూనే ఉంది. తగ్గిందని రాస్తే నువ్వు ఎన్నిసార్లని అడుగుతావు, అందుకే లెక్కపెట్టాను. నిన్న సాయంత్రం కాఫీ తాగుతూ కూర్చున్నంతసేపట్లో తొమ్మిది. దీనికి అర్థం ఉందో లేదో నువ్వే చెప్పాలి.

నా కోపం చల్లారిందనుకుంటున్నావేమో. లేదు. ఆచార్యులు అడగలేదు, సరే. ఆ ఒక్క చుట్టు తిప్పించి, పక్కన నిలబడి, వాంతి చూసి, సంతకం పెట్టించుకున్నది మేనేజరు. అదే కుర్చీలో, నేను కుట్టిన చొక్కాలోనే కూర్చుని ఉన్నాడు. డిపో పైఅధికారులు విచారణ పెడుతున్నారట. డ్రైవర్ల తరఫున చెప్పడానికి ఎవరో ఒకరు రావాలంటే అందరూ నా పేరే రాసిచ్చారు.

ప్రశ్నలు రాసి పంపు. తిట్లు వద్దు, అవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఈసారి ముందు ఆయనవైపు వాళ్ళనే అడుగుతాను, ఒక్కర్ని కూడా వదలకుండా.

వదిన